వినబడే విశ్వనాథ



మీరిప్పుడు ఏదో ఒక పని చేసుకుంటూ నా మాటలు వింటూ ఉండి ఉంటారు. కూర తరుగుతూనో, ఉతికిన బట్టలు మడతపెడుతూనో, ఆటో స్టాండులో బేరం కోసం ఎదురుచూస్తూనో. చేసుకోండి. ఈ రోజు నేను చెప్పబోయే రచయితకు అదేమీ చిన్నతనం కాదు. మా ఇంట్లో ఆయన పుస్తకం మొదటిసారి వినబడింది చింతపండు గింజలు తీసే చోటే.

మా అమ్మమ్మకు అక్షరం ముక్క రాదు. మామయ్య బడిపంతులు. వేసవి సెలవుల్లో నేను ఆ ఊరు వెళ్ళినప్పుడు, సాయంత్రం దీపం పెట్టాక ఆయన అరుగు మీద కూర్చుని 'వేయిపడగలు' పైకి చదివేవాడు. అమ్మమ్మ ముందు చేట. గింజ ఒక పక్కకు, పండు ఒక పక్కకు. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, చెవులు మామయ్య దగ్గర. గణాచారి అనే పిల్ల వచ్చే ఘట్టం దగ్గర మాత్రం చేతులు ఆగేవి. "ఒరేయ్, ఆ పిల్ల అన్న మాట మళ్ళీ చదవరా" అనేది. మామయ్య వెనక్కు వెళ్ళి మళ్ళీ చదివేవాడు. ఆ పూటకు ఆపిన చోట మార్జిన్‌లో పెన్సిలుతో చిన్న గీత పెట్టి పుస్తకం మూసేవాడు.

నాలుగైదేళ్ళ తర్వాత, కాలేజీలో చేరాక, అదే పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చుకుని గదిలో ఒంటరిగా చదవబోయాను. యాభై పేజీలు దాటలేకపోయాను. అమ్మమ్మకు అంత సులువుగా అర్థమైన పుస్తకం నాకు కొరుకుడు పడలేదు. చదువు రాని ఆవిడకు అందింది, చదువుకుంటున్న నాకు అందలేదు. ఉడుకుమోత్తనం కొద్దీ ఒక రాత్రి తలుపు వేసుకుని పైకి చదివి చూశాను. అప్పుడు దారి దొరికింది. కంటికి చిక్కుముడిలా కనిపించిన వాక్యం నోటికి వచ్చేసరికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తానే చెప్పింది.

విశ్వనాథ సత్యనారాయణ గురించి నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆయనను కవిసమ్రాట్టు అన్నారు, ఛాందసుడు అన్నారు, మహాపండితుడు అన్నారు. నాకు మాత్రం ఆయన అన్నిటికన్నా ముందు నోటితో రచన చేసిన మనిషి. కాగితం ఆయనకు తర్వాతి సంగతి.

ఆయన పుట్టింది 1895 సెప్టెంబరు 10న, కృష్ణా జిల్లా నందమూరులో. తండ్రి శోభనాద్రి, తల్లి పార్వతమ్మ. శోభనాద్రి గారిది పెట్టే చెయ్యి. ఉన్న ఆస్తి దానధర్మాలకే కరిగిపోయింది. కాశీ నుంచి తెచ్చిన విశ్వేశ్వరుణ్ణి ఊళ్ళో ప్రతిష్ఠించి గుడి కట్టించారు. కొడుక్కి దక్కింది ఆ గుడి, తరిగిపోయిన పొలాలు, రామాయణం రాయమన్న మాట. ఆ మూడింటిలో మూడోది ఎంత దూరం లాక్కెళ్ళిందో కాసేపట్లో చెబుతాను.

అప్పటి పల్లెలో పిల్లవాడి చెవిన పడేవి ఏమిటో ఊహించుకోండి. గుడిలో పురాణం, వీధిలో భాగవతం, సంక్రాంతికి హరిదాసు, పొలంలో నాట్ల పాటలు. అచ్చు పుస్తకం అరుదు. కథ అంటే చెవితో వినేదే. ఆ పిల్లవాడు బందరు చదువుకు వెళితే అక్కడ దొరికిన గురువు ఎవరు? చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరు. ఊరూరా శతావధానాలు చేసి, సభ మధ్య నిలబడి, అడిగిన పద్యం అడిగినట్టు ఆశువుగా చెప్పిన నోరది. వారి పాండవోద్యోగ నాటకాల పద్యాలు గొడ్లు కాసే పిల్లలు కూడా పాడుకున్నారు. అలాంటి గురువు దగ్గర శిష్యుడికి అబ్బేది వ్యాకరణం, ఛందస్సు మాత్రమే కాదు. పద్యం నాలుక మీద పుట్టి సభలో తిరిగి తర్వాతెప్పుడో కాగితం మీద కూర్చుంటుందన్న నమ్మకం అబ్బుతుంది.

గురువంటే ఆయనకు ఎంత గౌరవమో చెప్పే పద్యం ఒకటి రామాయణ కల్పవృక్షం మొదట్లో ఉంది. దాని భావం చెబితే మీకు నవ్వు వస్తుంది. నా వంటి శిష్యుడు దొరికిన భోగం నన్నయకు లేదు, తిక్కనకూ లేదు, అది మా చెళ్ళపిళ్ళ వారికే దక్కింది అంటారు. పొగిడింది గురువునా, తననా? ఇద్దరినీ. ఇంత నిబ్బరంగా తన గొప్ప తాను చెప్పుకున్న కవి మన కాలంలో మరొకరు కనిపించరు. కొందరికి అది మింగుడు పడలేదు. నాకైతే ఆ పద్యం చదివినప్పుడల్లా, అవధాన సభలో మీసం మీద చెయ్యి వేసుకున్న తిరుపతి వేంకట కవులే గుర్తుకు వస్తారు. అది ఆ సంప్రదాయం ఇచ్చిన పొగరు.

ఇక 'వేయిపడగలు' సంగతి. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ పెట్టింది. అప్పుడు దాని ఉపాధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. విశ్వనాథ అప్పటికి గుంటూరు ఏ.సి. కాలేజీలో తెలుగు చెబుతున్నారు. ఆయన చెబుతూ ఉంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాస్తూ పోయారు. 29 రోజుల్లో పూర్తయింది. రాతప్రతి వెయ్యికి ఒకటి తక్కువ, 999 అరఠావులని చెబుతారు. లెక్క వేసుకోండి, రోజుకు 34 పైచిలుకు. ఇవాళ కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి కూడా అది తేలిక పని కాదు.

నాకు ఇక్కడ ఎప్పుడూ ఆ తమ్ముడి మీద జాలి వేస్తుంది. ఎదురుగా అన్నగారు పచార్లు చేస్తూనో, పడుకునో, కళ్ళు మూసుకునో ధారగా చెప్పుకుపోతూ ఉంటే, కలం సిరాలో ముంచి, ఠావు తిప్పి, మళ్ళీ ముంచి. చెప్పేవారికి ఆవేశం ఉంటుంది, రాసేవారికి మణికట్టు నొప్పి ఉంటుంది. తెలుగువాళ్ళు ఆ నవలను తలచుకున్నప్పుడు ఆ మణికట్టును కూడా ఒక్కసారి తలచుకోవాలి.

ఆ పోటీలో బహుమతిని రెండు నవలలకు పంచారు. ఒకటి 'వేయిపడగలు', రెండోది అడవి బాపిరాజు గారి 'నారాయణరావు'. రెండూ ఈ రోజుకీ అచ్చవుతూనే ఉన్నాయి.

'వేయిపడగలు' చదవని వారి కోసం రెండు మాటలు. సుబ్బన్నపేట అనే ఊరు. ఆ ఊరికి కాపు సుబ్రహ్మణ్యేశ్వరస్వామి, అంటే వేయి పడగల పాము. గుడి, కోట, జమీందారు, పూజారి, గణాచారి, దేవదాసి గిరిక, పైరుకు ప్రాణం వచ్చి నడిచినట్టుండే పసిరిక అనే వింత పిల్లవాడు, వీళ్ళందరి మధ్య ధర్మారావు. ఇంగ్లీషు చదువు వస్తుంది, మునిసిపాలిటీ వస్తుంది, కరెంటు దీపం వస్తుంది. ఒక్కొక్క పడగ వాలిపోతుంది. వేయి పడగలున్న చోట చివరికి మిగిలేది దాంపత్యం ఒక్కటే. ధర్మారావులో విశ్వనాథ నీడ ఉందని అందరూ అంటారు, ఉంది కూడా.

నాటికీ నేటికీ ఈ నవలతో పేచీ పడేవారు ఎందుకు పడతారో దాచవలసిన పని లేదు. విశ్వనాథ వర్ణధర్మాన్ని నమ్మారు. ఆ వ్యవస్థ కూలిపోతూ ఉంటే కుమిలిపోయారు. ఆ వ్యవస్థ అడుగున నలిగిన మనిషి గొంతు ఆయన నవలల్లో అరుదుగా వినిపిస్తుంది. గిరికనే తీసుకోండి. వేణుగోపాలస్వామి కల్యాణోత్సవాల్లో నాట్యం చేసి స్వామిలోనే లీనమయ్యే దేవదాసిగా ఆయన ఆమెను దిద్దారు. ఆ ఘట్టం చదువుతూ కన్ను చెమర్చని వాళ్ళు తక్కువ. కానీ అంతకు కొన్నేళ్ళ ముందే మద్రాసు శాసనమండలిలో ముత్తులక్ష్మీ రెడ్డి గారు దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం పోరాడారు. బతికి ఉన్న గిరికల పాట్లు ఆవిడకు తెలుసు. ఆ చట్టం 1947లో వచ్చింది. నవలలోని గిరిక నిజమా, ఆవిడ చూసిన గిరికలు నిజమా అంటే, నా మొగ్గు ఆవిడ వైపే. అయినా గిరిక నాట్యం చేసే పేజీలు తీసి పైకి చదివితే నా గొంతు ఇప్పటికీ వణుకుతుంది. ఆ రెండూ నాలో సర్దుకోలేదు, సర్దాలని నేను ప్రయత్నించడం కూడా మానేశాను.

ఆయన నవలలన్నీ ఇంత బరువుగా ఉంటాయనుకుంటే పొరపాటు. 'హాహా హూహూ' అని చిన్న నవల ఉంది. గుర్రపు తల ఉన్న గంధర్వుడు ఒకడు తెల్లారేసరికి లండన్ నగరం నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేరులో పడి ఉంటాడు. దొరలు వాణ్ణి ఏం చేసుకోవాలో తెలియక తలలు పట్టుకుంటారు. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'లో పంచతంత్రం రాసిన విష్ణుశర్మ, భారతం రాసిన తిక్కన సోమయాజి ఇద్దరూ కలలోకి వచ్చి, మాకు ఇంగ్లీషు నేర్పు నాయనా అని కూర్చుంటారు. ఆ భాషలోని స్పెల్లింగుల తిక్క విష్ణుశర్మకు వివరించలేక మాస్టారు పడే పాట్లు చదివి నేను ఒక రైలు ప్రయాణంలో పైకే నవ్వాను, పక్క సీటాయన అనుమానంగా చూశాడు. ఇంగ్లీషు చదువు మీద ఆయన కోపం వేయిపడగల్లో కన్నీరు పెట్టిస్తుంది, ఇక్కడ కడుపుబ్బ నవ్విస్తుంది. నాకు రెండోదే ఎక్కువ పదునుగా తోస్తుంది.

'ఏకవీర' చాలామందికి సినిమాగా తెలుసు. 1969లో వచ్చింది, సి.ఎస్. రావు గారి దర్శకత్వం, మాటలు సి. నారాయణరెడ్డి గారివి. నవల మాత్రం అంతకు చాలా ముందరిది. నాయకరాజుల నాటి మధుర, వైగై నది. సేతుపతి, వీరభూపతి అనే ఇద్దరు స్నేహితులు. ఒకడు మనసుపడిన అమ్మాయి రెండోవాడికి భార్య అవుతుంది, రెండోవాడి మనసులోని అమ్మాయి మొదటివాడికి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వర్ణధర్మం, విద్యుద్దీపం గొడవలు ఏవీ లేని, నాలుగు మనసుల కథ. విశ్వనాథ అంటే భయపడేవారు ఇక్కడ మొదలుపెడితే మంచిది.

అలా చెప్పుకుంటూ పోతే అరవై దాకా నవలలు ఉన్నాయి. పురాణవైర గ్రంథమాల అని 12 నవలలు, నేపాళ రాజుల మీద 6, కాశ్మీర రాజుల మీద 6. వీటిలో కొన్ని నాకు నచ్చవు. చరిత్రకారులను దెబ్బలాటకు పిలిచే తొందరలో కథను మధ్యలో వదిలేస్తారు. నోటితో చెప్పే రచనలో ఉన్న చిక్కు అదే. ఎదురుగా రాసేవాడు ఊకొడుతూ ఉంటే, చెప్పేవాడికి ఎక్కడ ఆపాలో తెలియదు. ఇంట్లో పెద్దవాళ్ళ కబుర్లలాగే.

పాట దగ్గరకు వద్దాం. భద్రాద్రి అడవుల్లో కిన్నెరసాని అని ఒక వాగు ఉంది, పాల్వంచ వైపు నుంచి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇప్పుడు దాని మీద డ్యామ్ ఉంది, సెలవు రోజుల్లో జనం వెళుతూ ఉంటారు. ఆ వాగు విశ్వనాథకు ఒక కోడలిలా కనిపించింది. అత్త పోరు పడలేక, మొగుడు అడ్డుపడలేదన్న అలకతో, అడవిలోకి పరుగెత్తి, ఏడ్చి ఏడ్చి నీరై పారిపోయిన కోడలు. వెంటపడ్డ మొగుడు గుట్టై నిలబడిపోయాడు. కావలించుకోవాలన్నా గుట్ట కదలలేదు, ఆగాలన్నా నీరు ఆగలేదు. పైగా సముద్రుడి కన్ను ఆమె మీద పడుతుంది. చివరికి గోదావరి పెద్దముత్తయిదువలా ఆమెను అక్కున చేర్చుకుంటుంది. 'కిన్నెరసాని పాటలు' కథ ఇది. ఇందులో ఒక్క పండితుడు లేడు. అత్త, కోడలు, మొగుడు, మన వీధిలో ఉండేవాళ్ళే. పద్యాల మీద అంత పట్టున్న మనిషి ఇక్కడ ఊరి ఆడవాళ్ళ పాట వరుసల్లోకి దిగి, అక్కడే హాయిగా కూర్చున్నారు. నందమూరు నాట్ల పాటలు ఆయన చెవిని వదల్లేదని నాకు ఈ పుస్తకమే సాక్ష్యం.

సాహిత్య అకాడమీ బహుమతి 1962లో ఆయనకు వచ్చింది. ఏ పుస్తకానికి? నవలకు కాదు. 'విశ్వనాథ మధ్యాక్కరలు' అనే పది శతకాలకు. మధ్యాక్కర అన్నది తెలుగు నేల మీద పుట్టిన ఛందస్సు. నన్నయ భారతంలో వాడాడు. ఆ తర్వాత కవులు దాన్ని దాదాపు మరిచిపోయారు. అటకమీద పారేసిన పాత పాత్రను దింపి, తోమి, మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించినట్టు, విశ్వనాథ దాన్ని బయటకు తీశారు.

దాని నడక ఎలా ఉంటుందో రేడియోలో చెప్పడం సులువు. రెండు పెద్ద అడుగులు, ఒక చిన్న అడుగు. మళ్ళీ రెండు పెద్దవి, ఒక చిన్నది. ఒక్క పాదం అంతే. చేత్తో తొడ మీద తట్టుకుంటూ నాతోబాటు అనండి. తానతా, తానతా, తాన. తానతా, తానతా, తాన. ఇంకోసారి. తానతా, తానతా, తాన. పెద్దాయన చేతికర్ర పట్టుకుని గుడి మెట్లెక్కుతున్నట్టు లేదూ? రెండు మెట్లెక్కి ఒక్క క్షణం ఆగడం, మళ్ళీ రెండు మెట్లు. ఉత్పలమాలలా పరుగు తీయదు, సీసంలా సాగదు. మాట్లాడే వేగంలో ఉంటుంది. దేవుడితో మాట్లాడటానికి, తగువు పెట్టుకోవటానికి, ఎత్తిపొడవటానికి సరిగ్గా సరిపోయే వేగం. ఆ పది శతకాలు పది చోట్లి దేవుళ్ళతో మాటలే. శ్రీశైలం, కాళహస్తి, భద్రాద్రి, ద్రాక్షారామం ఉన్నాయి. తండ్రి కట్టించిన నందమూరు గుడి స్వామి కూడా ఉన్నాడు. వేములవాడ రాజన్న కూడా ఉన్నాడు.

వేములవాడ అన్నాను కాబట్టి కరీంనగర్ సంగతి. ఉపాధ్యాయుడిగా ఆయన తిరిగిన ఊళ్ళు చాలా ఉన్నాయి. బందరులో హైస్కూలు, స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఆ ఉద్యోగం వదులుకోవడం, ఆంధ్ర జాతీయ కళాశాల, గుంటూరు, ఆ తర్వాత 1938 నుంచి 1959 దాకా విజయవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కాలేజీ. అక్కడ రిటైరయ్యాక కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్‌గా వెళ్ళి 1961 దాకా ఉన్నారు. కృష్ణా తీరపు మనిషి మానేరు తీరాన రెండేళ్ళు. ఆ జిల్లావారే అయిన పి.వి. నరసింహారావు గారు 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. అది 1968లో అచ్చయింది. ఒక పక్క రాష్ట్ర రాజకీయాలు, ఇంకో పక్క ఆ పొడవాటి వాక్యాలకు హిందీ వెతుక్కోవడం. ఆ ఓపిక ఆయనకు తర్వాత ఢిల్లీలో పనికొచ్చి ఉంటుంది.

విజయవాడ కాలేజీ రోజుల ముచ్చట ఒకటి తెలుగు నేలంతా తెలిసిందే, అయినా చెప్పకుండా దాటలేను. విద్యార్థులతో నాటకం వేయించాలని విశ్వనాథ మాస్టారు అందగాడైన ఒక కుర్రాడికి నాగమ్మ వేషం ఇచ్చారు. మీసం తీసెయ్యమన్నారు. కుర్రాడు ససేమిరా తీయనన్నాడు. మీసంతోనే చీర కట్టి రంగమెక్కాడు, 'మీసాల నాగమ్మ' అని పేరు తెచ్చుకున్నాడు. ఆ కుర్రాడు నందమూరి తారక రామారావు. అంతటి మాస్టారి మాటకు ఎదురు చెప్పిన విద్యార్థి, ఆ మొండితనాన్ని భరించిన మాస్టారు, ఇద్దరూ కృష్ణా జిల్లావాళ్ళే. ఏళ్ళు గడిచాక 'ఏకవీర' సినిమాలో సేతుపతి వేషం వేసిందీ ఆ కుర్రాడే. ఈసారి మీసం ఎవరూ తీయమనలేదు.

ఇప్పుడు తండ్రి చెప్పిన మాట దగ్గరకు. 'శ్రీమద్రామాయణ కల్పవృక్షం'. సుమారు 30 ఏళ్ళు ఆయనతోనే ఉంది ఆ పని. ఆరు కాండలు, ఒక్కొక్క కాండలో అయిదేసి ఖండాలు, మొత్తం 30 ఖండాలు, 13 వేలకు చేరువగా పద్యాలు. 29 రోజుల్లో నవల చెప్పేసిన మనిషి, రామాయణానికి మాత్రం సగం జీవితం ఇచ్చుకున్నారు. ఉద్యోగాలు మారాయి. భార్య వరలక్ష్మి గారు చనిపోయారు. ఆ దుఃఖం 'వరలక్ష్మీ త్రిశతి'గా బయటకు వచ్చింది. రామాయణం మాత్రం ఆగుతూ, సాగుతూ 1962కు పూర్తయింది.

తెలుగులో అప్పటికే ఎన్ని రామాయణాలు లేవు? రంగనాథ రామాయణం, భాస్కర రామాయణం, మొల్ల రామాయణం. మళ్ళీ ఇంకొకటి దేనికయ్యా అని అడుగుతారని ఆయనకు తెలుసు. అందుకే మొదట్లోనే జవాబు ఇచ్చేశారు. నా మాటల్లో చెబుతాను. లోకం నిన్న తిన్న అన్నమే ఇవాళా తింటోంది కదా, ఎవరి నాలుక రుచి వారిది. అందరూ చేసేది ఒకే సంసారం, ఎవరి అనుభవం వారిది. నా భక్తి కూడా అలాంటిదే అన్నారు. పండితుడు శాస్త్రం తీయాల్సిన చోట, పళ్ళెంలో అన్నం చూపించారు. ఆ ఒక్క జవాబు కోసమైనా నేను ఆయనకు దండం పెడతాను.

ఆయన రుచి ఎక్కడ తేడాగా ఉందో చూడాలంటే కైక దగ్గర చూడాలి. మన ఇళ్ళల్లో కైక అంటే తిట్టుమాట. కల్పవృక్షంలో కైక రాముణ్ణి కన్నతల్లి కన్నా ఎక్కువగా ఎరిగిన మనిషి. ఈ పిల్లవాడు అయోధ్యలో సింహాసనం మీద కూర్చోవడానికి పుట్టలేదని, అడవికి వెళితే తప్ప వాడి పని నెరవేరదని ఆమెకు తెలుసు. లోకం నిందను తాను నెత్తిన వేసుకుని వాణ్ణి పంపించింది. సంప్రదాయవాది అని మనం ముద్ర వేసిన మనిషి, వెయ్యేళ్ళుగా తిట్లు తిన్న ఆడమనిషికి ఇలా పీట వేశారు. మనుషులను ఒక్క మాటలో తేల్చేయడం ఎంత కష్టమో ఇక్కడ తెలుస్తుంది.

1970 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం ఈ కల్పవృక్షానికి వచ్చింది. తెలుగుకు అదే మొదటిది. లక్ష రూపాయలు. పద్మభూషణ్ కూడా వచ్చింది. ఆ తర్వాత తెలుగుకు రెండో జ్ఞానపీఠం రావడానికి నారాయణరెడ్డి గారి దాకా, అంటే 1988 దాకా ఆగవలసి వచ్చింది.

అదే 1970లో ఇంకో సంగతి జరిగింది. విప్లవ రచయితల సంఘం పుట్టింది, శ్రీశ్రీ దానికి అధ్యక్షుడయ్యారు. ఒక కవి రామాయణానికి కిరీటం పెట్టించుకున్న ఏడు, మరొక కవి ఎర్రజెండా పట్టుకున్నారు. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి పందెం వేయడం మనకు అలవాటు. కానీ 1930ల్లో నరసరావుపేటలో నవ్య సాహిత్య పరిషత్తు సభ జరిగింది. శ్రీశ్రీ అప్పటికి పాతికేళ్ళు దాటిన కుర్రాడు. 'కవితా, ఓ కవితా' చదివారు. విశ్వనాథ లేచి వచ్చి ఆ కుర్రాణ్ణి కావలించుకున్నారు, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు, నీ పుస్తకం నేను అచ్చు వేయిస్తానన్నారు. ఆ మాట నెరవేరలేదు. 'మహాప్రస్థానం' 1950లో వేరే చేతుల మీదుగా వచ్చింది. ఆ కవితలోని సిద్ధాంతం ఆయనకు నచ్చే అవకాశమే లేదు. అయినా చెవి ముందు స్పందించింది. అది కాగితం మీద చదివి ఉంటే కన్నీళ్ళు వచ్చేవా అని నాకు ఒక సందేహం. విన్నారు కాబట్టి వచ్చాయి. 1976 అక్టోబరు 18న గుంటూరులో విశ్వనాథ కన్నుమూశాక శ్రీశ్రీ ఆయన మీద గేయం రాశారు. అందులో ఎకసెక్కం లేదు.

మొన్న మామయ్యను చూడటానికి వెళ్ళాను. ఎనభై దాటాయి, చూపు తగ్గింది. బీరువాలో ఆ 'వేయిపడగలు' ఇంకా ఉంది, అట్ట ఊడిపోయి, గోధుమరంగు కాగితం తొడుక్కుని. పేజీలు తిప్పుతూ పెన్సిలు గీతలు లెక్కపెట్టాను. కొన్ని చోట్ల గీతకూ గీతకూ మధ్య పది పేజీలు. ఒక చోట మూడే పంక్తులు, ఆ రాత్రి అమ్మమ్మ కునుకు తీసి ఉంటుంది. కొన్ని పేజీలకు చింతపండు మరకలు. మూడొంతులు దాటాక ఒక పేజీలో గీతలు ఆగిపోయాయి.

"ఇక్కడ ఆపేశారేం మామయ్యా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "1987 గదరా, ఇంటికి టీవీ వచ్చింది. మీ అమ్మమ్మ ఆదివారం పొద్దున రామాయణం చూసేది. హిందీ ఒక్క ముక్క రాదు. అయినా స్నానం చేసి, టీవీకి బొట్టు పెట్టి కూర్చునేది. సాయంత్రాలు కూడా ఇంక దాని ముందే."

"మరి మిగతాది?"

"చదివాన్లే, నాలో నేను." కాసేపు ఆలోచించాడు. "ఏముందో మాత్రం గుర్తులేదు. పైకి చదవలేదు కదా."